చప్పట్లు కొట్టని మనిషి

మా పేటలో గేటు ముందు నిలబడి మూడు చప్పట్లు కొట్టందే ఎవరింట్లోనూ ఎవరూ అడుగు పెట్టరు. కరెంటు మీటరు చూసేవాడైనా, పాదిరిగారైనా, ఉప్పు కోసం వచ్చిన పక్కింటావిడైనా సరే. చప్పట్లు కొట్టాలి, లోపల్నుంచి "రండి, రండి" అని వినపడాలి, అప్పుడు గడియ తియ్యాలి. తలుపు మీద బాదేది పోలీసులొక్కరే. చప్పట్లు కొట్టనక్కర్లేని చనువు ఒక్కో ఇంటికి ఒకరిద్దరికే ఉంటుంది, అది అడిగితే వచ్చేది కాదు. సిల్వేరియా ఇంటికి అలాంటి మనిషి ఒక్కతే. ఎదురింటి నికాసియా. ముప్పయ్యొక్కేళ్లలో ఆమె ఆ గేటు దగ్గర ఒక్కసారి చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

వాళ్లిద్దరూ ఒకరికొకరు వదినలు. నికాసియా పెద్దకూతురు బ్లాసిదాకి సిల్వేరియా జ్ఞానతల్లి. చర్చిలో ఆ పసిపిల్లని చేతుల్లోకి తీసుకున్న పూట నుంచీ ఈ వరస మొదలైంది. మా దగ్గర ఈ చుట్టరికం రక్తసంబంధం కన్నా గట్టిది. అది దేవుడు నెత్తిన పెట్టింది, ఇది మనం కోరి తెచ్చుకున్నది. నికాసియాకి ఏడుగురు పిల్లలు. సిల్వేరియాకి పిల్లల్లేరు. భర్త అనస్తాసియో ఎడ్లబండి చక్రాలు చేసేవాడు, ఆరేళ్ల కిందట పోయాడు. అప్పట్నుంచి పెరట్లో పుదీనా, నిమ్మగడ్డి, రకరకాల చలవ ఆకులు పెంచి, కట్టలు కట్టి అమ్ముకుంటుంది. మనిషి పొట్టి, మాట పొట్టి, పంతం మాత్రం చాలా పొడుగు.

పొద్దున పదింటికి నికాసియా తన కుర్చీ తనే మోసుకుని రోడ్డు దాటి వచ్చేది. సిల్వేరియా చలవ ఆకులు దంచి ఐసునీళ్లలో వేసేది. ఆవుకొమ్ములో తెరెరే పొడి, అంటే చల్లనీళ్లు పోసి పీల్చుకునే చేదాకు పొడి, దానికి ఒకే గొట్టం. నువ్వొకసారి, నేనొకసారి. ఆ గంటలో పేటలో ఎవరి పెళ్లి కుదరాలో, ఎవరి పెళ్లి కుదిరి ఉండకూడదో అన్నీ తేలిపోయేవి.

ఇక పొయ్యి సంగతి. సిల్వేరియా పెరట్లో ఓ మూల, బోర్లించిన పెద్ద కుండలా, నడుమెత్తు మట్టిపొయ్యి ఉంది. మేం తతాకువా అంటాం. గుడ్ ఫ్రైడే నాడు ఎవరూ నిప్పు రాజెయ్యరు కాబట్టి, ముందరి బుధవారమే వీధి వీధంతా ఆ పొయ్యి చుట్టూ చేరేది. కర్రపెండలం పిండిలో పంది కొవ్వు, చీజ్, గుడ్లు, సోంపు కలిపి పిసికి, చిపాలనే రొట్టెలు చేసి కాల్చుకోవాలి. సిల్వేరియాది నిప్పు చెయ్యి. రెండు ఎండుటాకులు లోపలికి విసిరి, అవి నల్లబడే తీరు చూసి పొయ్యి సిద్ధమో కాదో చెప్పేస్తుంది. పిండి మాత్రం ఆమెకి ఈ జన్మకి రాదు. ఆమె పిసికిన చిపా పొయ్యిలోనే పగిలిపోతుంది. అది నికాసియా పని. చెవితమ్మెలా మెత్తబడేదాకా పిండిని వదిలేది కాదు. "నిప్పు నీది, పిండి నాది, తినడానికి మాత్రం ఊరంతాను," అనేది.

కుక్క వచ్చిందాకా ఇంతే.

రెండు చలికాలాల కిందట, పొయ్యి పగులు పూయడానికి మట్టి కావాలని సిల్వేరియా తోపుడుబండి తీసుకుని మూతపడ్డ ఇటుకబట్టీ దగ్గరికి వెళ్లింది. మట్టికి బదులు బండిలో కుక్కని వేసుకొచ్చింది. ఒంటి నిండా గోధుమరంగు చారలు. మెడకి ఇనపతీగ, అది కండలోకి దిగిపోయి ఉంది. ఎవరో స్తంభానికి కట్టి వదిలిపోయారు. కట్టినవాడి చేతులు పడిపోను. పట్టకారుతో ఆ తీగ తెంచుతున్నంతసేపూ కుక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నికాసియాయే.

"చారలు చూడవే వదినా, పులిలా ఉన్నాడు. తీగ్రె అని పిలుద్దాం," అని పేరు పెట్టిందీ ఆమే. తీగ్రె అంటే పులి.

రెండు నెలలు వాడు నోరు విప్పలేదు. ఒళ్లు కోలుకున్నాక నోరొచ్చింది. మొదట టోపీ పెట్టుకున్న మగవాళ్ల మీద, తర్వాత మగవాళ్లందరి మీద, ఆ తర్వాత ఎవరైతేనేం. గేటు దగ్గర చప్పట్లు మోగాయో లేదో గుండెలదిరేలా మొరుగుతూ కంచె మీదికి ఎగిరేవాడు. ఆకుల కోసం వచ్చేవాళ్లు మెల్లగా వేరే వీధి చూసుకున్నారు. సిల్వేరియా దగ్గర మాత్రం వాడు పిల్లి. ఆమె చెప్పు మీద గడ్డం ఆనించి పడుకునేవాడు. అనస్తాసియో పోయాక ఆ ఇంట్లో ఇంకో ప్రాణి ఊపిరి వినపడటం అదే మొదలు.

పోయిన మే నెలలో, మాకు చలి మొదలయ్యే కాలంలో, ముసురు పట్టిన రోజున సిల్వేరియాకి జ్వరం వచ్చింది. నికాసియా మొగుడి రెయిన్‌కోటు తల మీంచి కప్పుకుని, చేతిలో వేడి సూపు గిన్నెతో, ఎప్పట్లాగే చప్పట్లు కొట్టకుండా గేటు తోసుకుని లోపలికొచ్చింది. తీగ్రెకి కనపడింది నికాసియా కాదు, తల లేని నల్లటి ఆకారం. కుడిచేతి మీద పడ్డాడు. సిల్వేరియా జ్వరంతోనే పరిగెత్తుకొచ్చి వాడి దవడలు విడదీసేసరికి మట్టీ నెత్తురూ సూపూ ఏకమయ్యాయి.

ఆరోగ్య కేంద్రంలో కుట్లు వేశారు. కుక్కకి టీకా ఉంది కాబట్టి పది రోజులు కనిపెట్టి ఉంటే చాలన్నారు. మర్నాడు నికాసియా కట్టు కట్టిన చేతితో గేటు అవతల నిలబడింది.

"ఆ కుక్కో నేనో, ఈ క్షణాన తేల్చుకో."

"వాణ్ని ఎక్కడ పారెయ్యమంటావ్? మళ్లీ ఆ స్తంభానికేనా?"

"నాకన్నా వాడెక్కువయ్యాడా నీకు?"

"నీకు మొగుడున్నాడు, ఏడుగురు పిల్లలున్నారు. వాడికి నేను తప్ప ఎవరున్నారు? నాకు మాత్రం ఎవరున్నారు?"

ముప్పయ్యొక్కేళ్లు కుర్చీ మోసుకొచ్చిన మనిషితో అనాల్సిన మాటేనా అది? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. పైగా చెయ్యి ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు. నికాసియా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత సిల్వేరియా కుమిలిపోయింది. వెళ్లి క్షమించమని అడగడం ఎంతసేపు? రోడ్డు వెడల్పు పదిహేను అడుగులు. కానీ చప్పట్లు కొట్టకుండా వెళ్లే హక్కు తనే పోగొట్టుకుంది. కొట్టి వెళ్లడానికి మనసొప్పలేదు. నికాసియా గేటు దగ్గర చప్పట్లు కొట్టడమంటే, ఇక మనం పరాయివాళ్లమని నోటితో చెప్పినట్టే. అందుకని శనివారం శనివారం ఒక పుదీనా కట్ట ఆ గేటు మీద పెట్టి వచ్చేది. సాయంత్రానికి కట్ట ఉండేది కాదు, కబురూ ఉండేది కాదు.

పదింటికి చేతులు వాటంతటవే ఇద్దరికి సరిపడా ఆకులు దంచేవి. ఒక్కత్తే కూర్చుని తాగితే తెరెరే దాహం తీరుస్తుందంతే. ఇద్దరుంటే అవతలి మనిషి తాగుతున్నంతసేపూ ఎదురుచూస్తాం, ఆ ఎదురుచూపులోనే కబుర్లన్నీ సాగుతాయి. ఇప్పుడు కొమ్ము ఆమె చేతిలోంచి ఆమె చేతిలోకే వచ్చేది. అవతల నికాసియా ఇంటి వసారాలో ఆ కుర్చీ, ఒక్కోసారి దాంట్లో నికాసియా, చెయ్యి ఏప్రన్ జేబులో పెట్టుకుని ఎటో చూస్తూ కనపడేది. ఇటు చూడదేం అని సిల్వేరియా ఎదురుచూసేది. చూస్తే మాత్రం తనే తల తిప్పేసుకునేది.

కుక్కని వదులుకోలేదు, మనిషిని మర్చిపోలేదు. మిగిలింది ఒకటే దారి, కుక్కని మార్చడం.

మొదట గంట కట్టింది. చప్పట్లు వింటేనే కదా వీడు రెచ్చిపోతున్నాడని గేటుకి ఆవుగంట వేలాడదీసి, "గంట కొట్టండి" అని అట్ట మీద రాసిపెట్టింది. మా వాళ్లు గంట కొడతారా! రొట్టెలబ్బాయి ఆ గంట కిందే నిలబడి, అట్ట శుభ్రంగా చదివి, చప్పట్లు కొట్టాడు. గంట కట్టుకోవడానికి ఇదేమైనా రాజధానిలో మంత్రి బంగళానా అని వీధిలో నవ్వుకున్నారు. వారం తిరక్కుండా గంట ఆవు మెడకే వెళ్లింది.

అప్పుడు క్రెసెన్సియో దగ్గరికి వెళ్లింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఒకప్పుడు మొండి కోడెల్ని బండికి అలవాటు చేసినవాడు. అరవై మూడేళ్ల సిల్వేరియాని ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలుస్తాడు.

"కుక్కతోక వంకర తియ్యాలంటావు," అన్నాడు.

"తోక జోలి నాకెందుకు బాబాయ్, పళ్ల సంగతి చూడు చాలు."

"చూడమ్మాయ్. నువ్వు వాడికి ఏం చెయ్యకూడదో చెప్తున్నావు. మొరగొద్దు, ఎగరొద్దు, కరవొద్దు. మరి ఏం చెయ్యాలో చెప్పావా? పనిలేని కోడె కుమ్ముతుంది. చప్పట్లు వినపడగానే వాడికో పని ఇవ్వు."

ఆ పని ఏమిటంటే, నారింజ చెట్టు కింద పరిచిన గోనెసంచి మీదికి వెళ్లి కూర్చోవడం. వెళ్తే ఉడికించిన ఊపిరితిత్తి ముక్క. క్రెసెన్సియో మొదట వీధి చివర మలుపు దగ్గర నిలబడి, వినపడీ వినపడనట్టు కొట్టేవాడు. తీగ్రె చెవులు నిక్కబొడుచుకునేవి. అరుపు గొంతులోంచి వచ్చేలోపు సిల్వేరియా ముక్క సంచి మీద పడేసేది. రోజుకి పదిసార్లు, అంతకన్నా వద్దన్నాడు. నాలుగు రోజులకో అడుగు ముందుకి.

దీంతో వీధికి వేరే తంటా వచ్చిపడింది. ముసలాయన కొట్టిన ప్రతి చప్పట్లకీ నాలుగిళ్లలోంచి "రండి, రండి!" అని ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేవాళ్లు. "నీకోసం కాదమ్మా, కుక్క కోసం," అనేవాడు. "మా ఇంటికి రానప్పుడు మా వాకిట్లో ఎందుకు కొడతావయ్యా? పొయ్యి మీద కూర మాడింది," అని ఒకావిడ రోజంతా తిట్టింది. నికాసియా ఇంట్లోంచి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. అటువైపే ఒక చెవి వేసి ఉంచేది సిల్వేరియా.

నవంబరులో తొందరపడింది. ఇంకేముంది, వచ్చేసిందిలే అనుకుని, తాడు కట్టకుండానే ఒక బుట్టలావిడని గేటు లోపలికి రమ్మంది. తీగ్రె ఆవిడ పావడా అంచు చింపాడు. కొత్త పావడా కుట్టించి ఇచ్చి, మళ్లీ వీధి మలుపు నుంచి మొదలు. క్రెసెన్సియో తిట్టలేదు. "భయపడ్డ జంతువుకి క్యాలెండరు ఉండదమ్మాయ్," అన్నాడంతే.

ఫిబ్రవరి నడివేసవి ఎండల్లో ఒకరోజు అది జరిగింది. ఎవరో ఆకుల కోసం వచ్చి గేటు దగ్గర గట్టిగా కొట్టారు. సిల్వేరియా ఇంట్లో ఉంది. పరిగెత్తుకుంటూ వచ్చేసరికి తీగ్రె సంచి మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా వణుకుతోంది, నోట్లోంచి చొంగ కారుతోంది, అయినా కూర్చుని ఉన్నాడు. ఆమె వాడి మెడ పట్టుకుని ఏడ్చేసింది. వచ్చినావిడ ఇదేం ఇల్లురా బాబూ అని గేటు దగ్గరే నిలబడిపోయింది.

ఇక గుడ్ ఫ్రైడే ముందరి బుధవారానికి నికాసియా రావడమొక్కటే మిగిలింది. ఆ వారం సోమవారం బ్లాసిదా వీధిలో కనపడితే పట్టుకుంది.

"మీ అమ్మతో చెప్పు తల్లీ. కుక్క నేర్చుకున్నాడు. గేటు దగ్గర మూడు చప్పట్లు కొడితే చాలు, వాడి చోటికి వాడెళ్లిపోతాడు. తాడు కూడా కడతాను. పిండి పిసకడానికి రమ్మన్నానని చెప్పు."

బ్లాసిదా కాలి బొటనవేలితో మట్టి గీరింది. "ఈసారి అమ్మ బేకరీలో చిపా చెప్పేసింది."

"బేకరీలోనా? మీ అమ్మా?"

"అవును." ఇంకేదో అనబోయి మింగేసింది. "చప్పట్ల గురించి ముందే మాటొచ్చింది ఇంట్లో. కొట్టనంది."

బేకరీ చిపా! దూదిలా ఉబ్బి, సోంపు వాసనైనా లేని ఆ ముద్దల్ని చూస్తేనే నికాసియా మూతి ముడుచుకునేది. అవి కొనుక్కుంటుంది గానీ నా పొయ్యి దగ్గరికి రాదన్నమాట. నా గేటు దగ్గర చేతులు రెండూ కలపలేనంత పొగరన్నమాట. ఆ పూట సిల్వేరియా అన్నం ముట్టలేదు. సరే, రాకపోతే రాకపో, అని వంద సార్లు అనుకుంది. అనుకున్న ప్రతిసారీ ఎదురింటి వైపు చూసింది.

బుధవారం తెల్లారేసరికి పొయ్యిలో కట్టెలు మండుతున్నాయి. చప్పట్లు మొదలయ్యాయి. ఒక్కో కుటుంబం తమ పిండి గిన్నెలతో, అరటాకులతో వచ్చింది. చప్పట్లు మోగినప్పుడల్లా తీగ్రె లేచి సంచి మీదికి వెళ్లి, ముక్క అందుకుని కూర్చున్నాడు. "చూడండ్రా, మీ కన్నా బుద్ధిమంతుడు," అని తల్లులు పిల్లల్ని దెప్పారు. పిల్లలు పిండితో పావురాలు చేశారు, మొసళ్లు చేశారు. పెరడు నిండిపోయింది. పదకొండు నెలలుగా సిల్వేరియా కోరుకున్నది ఇదే. కానీ కోరుకున్న మనిషి లేకుండా వచ్చింది. నిప్పులు ఊడ్చి, ఆకులు విసిరి చూసి, అందరి చిపాలూ లోపలికి తోసింది. ఆమెవి మాత్రం లేవు. ఆమె పిండి బల్ల మీద కలపకుండానే ఉంది.

"నీ వంతు ఎప్పుడమ్మాయ్?" అన్నాడు క్రెసెన్సియో.

సిల్వేరియా పొయ్యి పార ఆయన చేతికిచ్చి, మసి చేతులు పావడాకి తుడుచుకుని, గేటు తీసుకుని రోడ్డు దాటింది. నికాసియా గేటు ముందు నిలబడింది. లోపల కుండీలో తను పెట్టిన పుదీనా కాడలు వేళ్లు తన్ని పొదలా పెరిగి ఉన్నాయి. చేతులెత్తి మూడు చప్పట్లు కొట్టింది.

"రండి, రండి!" అని లోపల్నుంచి అలవాటుగా కేక. తర్వాత నికాసియా బయటికొచ్చింది. ఎవరో చూసి గడప మీదే ఆగిపోయింది.

"నువ్వా! నా ఇంటి ముందు చప్పట్లు కొడతావే?"

"నువ్వు కొట్టనన్నావుగా. అందుకని నేనే కొట్టాను. నీ పొగరు గెలిచిందిలే, నేనే పరాయిదాన్నయ్యాను. ఇప్పుడైనా రా వదినా. చప్పట్లు నాకోసం కాదు, వాడికోసం. మనిషి వస్తోందని వాడికి తెలియాలి, అంతే."

"నేను రాను."

"మూడంటే మూడు చప్పట్లకి ఇంత పంతమా?"

నికాసియా ఏప్రన్ జేబులోంచి కుడిచెయ్యి తీసింది. చిటికెనవేలూ దాని పక్క రెండు వేళ్లూ అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి. ఎడమచేత్తో వాటిని విప్పబోయింది, అవి కదల్లేదు.

"కొట్టు అంటావు. దేంతో కొట్టనే? దీంతో కొడితే చప్పుడు రాదు. దీంతో పిండీ పిసకలేను. బేకరీ చిపాలు నాకిష్టమై కొన్నాననుకున్నావా?"

"మరి నాకెందుకు చెప్పలేదు? ఒక్కసారి చూపించి ఉంటే..."

"చూపిస్తే ఏం చేసేదానివో నాకు తెలుసు. ఆ రోజే వాణ్ని పంపించేసేదానివి. ఆ తర్వాత ఆ ఇంట్లో నీకు ఎవరుంటారు?" నికాసియా చెయ్యి మళ్లీ జేబులో పెట్టుకోబోయింది. "నాకెవరున్నారని నువ్వే అన్నావుగా."

ఎదురింటి పెరట్లోంచి పిల్లల అరుపులు వినపడుతున్నాయి. సిల్వేరియా గడియ తీసి లోపలికెళ్లి, ఆ ముడుచుకున్న చేతిని తన మసి చేతుల్లోకి తీసుకుంది.

"నొప్పెడుతోందా?"

"హమ్మయ్య, అడిగావు," అంది నికాసియా, కన్నీళ్లు తుడుచుకోకుండానే. "చలికాలంలో లాగుతుంది. మామూలప్పుడు ఫర్వాలేదు."

చాలాసేపయ్యాక ఇద్దరూ రోడ్డు దాటారు. గేటు దగ్గర నికాసియా ఆగింది. లోపల తీగ్రె లేచి నిలబడి, చెవులు ముందుకి పెట్టి ఇటే చూస్తున్నాడు. సిల్వేరియా తన కుడి అరచెయ్యి ముందుకి చాపింది. నికాసియాకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత తన ఎడమచెయ్యి ఎత్తి ఆ అరచేతి మీద కొట్టింది. మూడుసార్లు. తీగ్రె ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వెళ్లి సంచి మీద కూర్చున్నాడు. సిల్వేరియా వాడి పట్టెడకి తాడు బిగించి వచ్చింది.

ఆ రోజు పిండి సిల్వేరియాయే పిసికింది. పక్కన కుర్చీ వేసుకుని నికాసియా తిడుతూ కూర్చుంది. "కొవ్వు ముందే పోస్తారా? అలా గుద్దితే పిండి మెత్తబడుతుందా, ఏడుస్తుందా? మణికట్టుతో నొక్కవే, మణికట్టుతో!" అంటూ రెండుసార్లు తన చేతులే ముందుకి చాపబోయి, కుడిచేతిని మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. రెండుసార్లూ సిల్వేరియా చూసింది. చూసి తల వంచుకుని, ఇంకా గట్టిగా పిసికింది.